గొంతు ఆగే చోటు

హవాయి అంటే మా బడి పిల్లలకు చెప్పులు. సంతలో దొరికే నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఐదో తరగతిలో ప్రపంచ పటం తగిలించి, పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఆవాలు చల్లినట్టున్న దీవులను చూపి "ఇవి హవాయి దీవులు" అన్నామో లేదో, వెనక వరస నుంచి ఒకడు "చెప్పుల ఊరా మాష్టారూ?" అని అడిగేశాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కాని వాడిని నవ్వడానికి మాకు హక్కు లేదు. ఆ దీవుల మీద మనుషులు ఏ భాష మాట్లాడతారో నలభై ఏళ్ళు దాటేవరకు మేమూ ఆలోచించలేదు.

మేము అంటే ముగ్గురం. ముగ్గురమూ సవరలం, సీతంపేట కొండల్లో చిన్న బడుల్లో పనిచేసే టీచర్లం. టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చదివినప్పటి నుంచి ఒకరికొకరం తోడు. ఎవరు ఏ పొరపాటు చేసినా ముగ్గురి మీదా వేసుకోవడం మాకు అలవాటు, అందుకే ఈ వ్యాసంలో కూడా మేము అనే రాస్తున్నాం.

ముందు కార్డుల సంగతి చెప్పాలి. ఒకటో తరగతి పిల్లల కోసం సవర మాటల కార్డులు తయారుచేశాం. బొమ్మ మేమే గీసి, దాని కింద సవర మాటను తెలుగు అక్షరాల్లో రాయడం. నీళ్ళ కుండ బొమ్మ వచ్చింది. మా మాటలో నీళ్ళను డ‘అన్ అంటాం. డ పలికాక గొంతు చటుక్కున మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుని అ వస్తుంది. చంటిపిల్ల అన్నం వద్దని తల అడ్డంగా ఊపుతూ "అ, అ" అన్నప్పుడు రెండు అల మధ్య గొంతు ఆగుతుంది చూడండి, ఆ ఆగడమే. తెలుగు అక్షరమాలలో దానికి అక్షరం లేదు. డఅన్ అని రాస్తే చదివేవాళ్ళు రెండూ కలిపేస్తారు. అక్కడ ఏదో ఒక గుర్తు పెట్టాలని మాకు తెలుసు, శిక్షణలో విన్నాం కూడా. కాని వందకు పైగా కార్డులు, చేతిలో ఒక్క ఆదివారం. "పిల్లలకు ఇంట్లో తెలిసిన మాటే కదా, చూడగానే పట్టుకుంటారు" అనుకున్నాం. డాన్ అని రాసేశాం.

మర్నాడు ఒక చిన్నమ్మాయి కార్డు పట్టుకుని పైకి చదివింది. డాన్. గుమ్మంలో కూర్చున్న వాళ్ళ అవ్వ "అదేం మాటే?" అని అడిగింది. పిల్ల తడుముకోకుండా చెప్పింది. "నీళ్ళు అవ్వా. పుస్తకం నీళ్ళు."

ఇంట్లో తాగే నీళ్ళు వేరు, పుస్తకంలో నీళ్ళు వేరు. ఆ పిల్లకు ఆరేళ్ళు. ఆమెకు ఈ తేడా నేర్పినది మేమే.

2020లో బడులు మూసినప్పుడు మాకు తీరిక దొరికింది. ఊరి పైన సిగ్నల్ అందే బండ ఒకటి ఉంది. సాయంత్రాలు అక్కడ చేరి, ఈ గొంతు ఆగడాన్ని అక్షరంగా రాసుకునే భాష ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని ఫోన్‌లో వెతికాం. అలా హవాయి భాష దొరికింది. పాఠాలు విన్నాం, వ్యాకరణం చదివాం. దాన్ని మాట్లాడగలమని చెప్పం. పలకగలం, దాని కట్టుబడి తెలుసుకున్నాం, అంతే. ఇక్కడ ఆ గొంతు ఆగే చోటల్లా మా కార్డుల మీద ఇప్పుడు వాడే ‘ గుర్తే పెడుతున్నాం. చదివేటప్పుడు అక్కడ ఆగండి.

మొదట ఆశ్చర్యపడింది ఆ దీవుల పేరుకే. అది హవాయి కాదు, హవై‘ఇ. చివర ఇ ముందు గొంతు ఆగుతుంది. మన సాంఘికశాస్త్రం పుస్తకంలోనూ చెప్పుల మీదా ఆ ఆగడం ఎప్పుడో పోయింది.

ఆ భాషలో హల్లులు ఎనిమిదే. హ, క, ల, మ, న, ప, వ, ఎనిమిదోది గొంతు ఆగడం. దాని పేరు ‘ఒకిన. కోయడం, విడదీయడం అనే అర్థం ఉన్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. అచ్చులు ఐదు, అ, ఎ, ఇ, ఒ, ఉ. ప్రతిదానికీ దీర్ఘం ఉంది. ఇంతే. మన పలక మీద ఒక వైపే సరిపోతుంది! వాళ్ళ అక్షరమాల కూడా మనలాగే ముందు అచ్చులు, తర్వాత హల్లులు. దీర్ఘాన్ని రోమన్ లిపిలో రాయాలంటే అక్షరం నెత్తిన గీత పెట్టాలి. తెలుగులో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. కాబట్టి హవాయి అచ్చులు తెలుగు లిపిలో చక్కగా ఒదిగిపోతాయి. ఒదగనిది ఒక్క ‘ఒకినే. సవర విషయంలో మమ్మల్ని ఏడిపించిందీ అదే.

ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, రెండు హల్లులు పక్కపక్కన రావు. తెలుగువాళ్ళు బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకున్నట్టే వాళ్ళూ పరాయి మాటలకు అచ్చులు తగిలిస్తారు. ఇంగ్లీషు స్కూల్ అక్కడికి వెళ్ళి కుల అయింది. మెర్రీ క్రిస్మస్ మెలె కలికిమక అయింది. స లేదు, ర లేదు, త కూడా లేదు, ఉన్నవాటితోనే సర్దుకున్నారు. వికివికి అంటే గబగబా అని. ఒకసారి అంటే వికి, జంటగా అంటే ఇంకా తొందర. మన గబగబా, చకచకా పుట్టుక కూడా ఇంతే. ఆ మాటే వికీపీడియా పేరులోకి వచ్చింది. పిల్లలు ప్రాజెక్టు పనికి రోజూ తెరిచే పేజీ పేరులో సముద్రం మధ్య దీవుల మాట ఉందని చెప్తే ఎనిమిదో తరగతివాళ్ళు నమ్మలేదు.

ఎనిమిది హల్లులే అంటే పేద భాష అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. మా భాషను కూడా అలాగే అన్నవాళ్ళు ఉన్నారు కనుక కొంచెం సిగ్గుపడి మళ్ళీ విన్నాం. పౌ అంటే అయిపోయింది. ప‘ఉ అంటే మసి. ప‘ఊ అంటే తడి. పా‘ఊ అంటే ఆడవాళ్ళు కట్టుకునే బట్ట. ఒక ప, ఒక అ, ఒక ఉ, ఎక్కడ ఆగావు, ఎక్కడ సాగదీశావు, దాంతోనే నాలుగు మాటలు.

వీటన్నిటికంటే మమ్మల్ని పట్టుకున్న జంట ఇంకొకటి ఉంది. కొ‘ఉ అంటే నాది. కొఉ అంటే నీది. నా భూమికీ నీ భూమికీ మధ్య ఉన్నది ఒక్క ఆగడం. మన ప్రాంతంలో భూమి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ భాషకు అక్షరాలు కుదిర్చింది అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు. 1822లో అక్కడ మొదటి అచ్చు పని జరిగింది. ఆ జనం ఒకే మాటను ఒకచోట త తో, ఒకచోట క తో, ఒకరు ర తో, ఇంకొకరు ల తో పలికేవారు. ఏది ఉంచాలో తేలక 1826లో మిషనరీలు ఓట్లు వేసుకున్నారు. క గెలిచింది, త పోయింది. ల గెలిచింది, ర పోయింది. ని‘ఇహౌ అనే చిన్న దీవిలో మాత్రం ఇప్పటికీ త పలుకుతారు. ఓటు సంగతి వాళ్ళ నాలుకకు ఎవరు చెప్పారు కనుక!

‘ఒకిన అసలు ఓటు దాకానే రాలేదు. దాన్ని అక్షరంగా లెక్కించలేదు. అయితే బైబిలు అచ్చువేసేటప్పుడు ఒకచోట చిక్కుకున్నారు. నాది, నీది ఒకేలా కనబడితే ఎలా? అందుకని కొ‘ఉ అనే మాటలో మాత్రం చిన్న గుర్తు పెట్టారు. మిగతా చోట్ల వదిలేశారు. అది అసలైన హల్లే అని అలెగ్జాండర్ అనే ఆయన 1864లో తన వ్యాకరణంలో స్పష్టంగా రాశాడు. అయినా పత్రికలు, పుస్తకాలు ఆ గుర్తు లేకుండానే వచ్చాయి. 1834 నుంచి 1948 వరకు హవాయి భాషలో దాదాపు వంద పత్రికలు నడిచాయి, పేజీలు లక్షకు పైనే. చదివే జనం హాయిగా చదువుకున్నారు. ఎక్కడ ఆగాలో వాళ్ళకు అమ్మ చెప్పింది, అచ్చు చెప్పనక్కర్లేదు.

ఇదంతా చదువుతూ మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ఇంట్లో తెలిసిన మాటే కదా" అని మేమూ అన్నాం కదా.

తర్వాత ఏం జరిగిందో చెప్తాం. 1893లో అక్కడి రాణి లిలి‘ఉఒకలని గద్దె దించారు. 1896లో బడులన్నిటిలో బోధన ఇంగ్లీషులోనే జరగాలని చట్టం వచ్చింది. హవాయి మాట్లాడిన పిల్లలకు బడిలో శిక్ష పడేది. 1898లో దీవులు అమెరికాలో కలిశాయి. పిల్లలు దెబ్బలు తినకూడదని తల్లిదండ్రులే ఇంట్లో కూడా మాట మార్చేశారు. 1980ల మొదటికి వచ్చేసరికి, ని‘ఇహౌ బయట ఆ భాష మాట్లాడే పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు యాభై మంది కూడా లేరని లెక్కగట్టారు. లక్ష పేజీల పత్రికలు ఉన్నాయి, ఎక్కడ ఆగాలో చెప్పే అమ్మలు లేరు. ఆ పేజీల్లో పౌ అనే రూపం కనబడితే అది అయిపోయిందో, మసో, తడో కొత్తగా నేర్చుకునే పిల్లకు ఎలా తెలుస్తుంది? ముందు వెనకల మాటలు చూసి ఊహించాలి. 1957లో మేరీ కవెన పుకుఇ, శామ్యూల్ ఎల్బర్ట్ కలిసి నిఘంటువు తెచ్చినప్పుడు ‘ఒకిననూ దీర్ఘాన్నీ గుర్తులతో చూపించారు. అది లేకపోతే ఈ రోజు పిల్లలు ఆ మాటల్ని పుస్తకం నీళ్ళలాగే చదివేవారు.

గుర్తు అవ్వ కోసం కాదు, మనవరాలి తర్వాత వచ్చేవాళ్ళ కోసం. ఈ ముక్క మాకు ముందే తట్టి ఉంటే ఆ ఆదివారం ఇంకో రెండు గంటలు కూర్చునేవాళ్ళం.

వ్యాకరణంలోకి వెళ్తే మాకు పండగే. ముఖ్యంగా మన, మా దగ్గర. తెలుగులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషుకు, హిందీకి ఈ తేడా లేదు, ఒకటే మాట. హవాయిలో తేడా ఉండటమే కాదు, ఇద్దరా అంతకంటే ఎక్కువమందా అన్నది కూడా చెప్పాలి. కాఉఅ అంటే నువ్వూ నేనూ, మనిద్దరం. మాఉఅ అంటే మేమిద్దరం, నువ్వు కాదు. కాకొఉ అంటే మనమందరం. మాకొఉ అంటే మేమందరం, నువ్వు కాదు. కా వస్తే ఎదుటివాడు లోపల, మా వస్తే బయట. తెలుగు మా తో ఆ మా కలవడం వట్టి కాకతాళీయం, రెండు భాషలకూ చుట్టరికం లేదు. కాని పిల్లలకు గుర్తుండటానికి భలే పనికొచ్చింది. ఈ నాలుగు మాటల్ని ఆటగా ఆడించాం. గిరి గీసి కా అంటే లోపలికి దూకాలి, మా అంటే బయటకి.

ఆ ఆట చూస్తుంటే మాకు ట్రైనింగ్ రోజులు గుర్తొచ్చాయి. ఒక తరగతిలో ఒక పెద్దాయన తెలుగును "మన భాష" అనీ, సవరను "వీళ్ళ భాష" అనీ అంటుండేవాడు. చెడ్డవాడు కాదు, మాకు టీ ఇప్పించేవాడు. మేము ముందు వరసలోనే కూర్చునేవాళ్ళం. ఆయన మన అన్నప్పుడు మేము గిరిలోపల ఉన్నామో బయట ఉన్నామో ఆ ఏడాదంతా అర్థం కాలేదు.

మగ ఆడ తేడా హవాయి సర్వనామాల్లో లేదు. అతడికీ ఆమెకీ ఒకటే మాట, ఇఅ. సవరలోనూ అంతే, ఎవరైనా అనిన్. అందుకే మా పిల్లలు తెలుగు పరీక్షలో "అమ్మ వచ్చాడు" అని రాస్తారు. దానికి ఎర్ర సున్నా చుట్టి, పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టిన పేపర్లు మా దగ్గర చాలా ఉన్నాయి. కొన్నిటి మీద ఆ ఎర్ర సిరా మాదే. ఆ పిల్లాడికి అమ్మ ఎవరో తెలియకనా? వాడి వ్యాకరణం వేరు, అంతే. ఆ సంగతి వాడికి చెప్పి తెలుగు పద్ధతి నేర్పితే ఒక వారంలో దిద్దుకుంటాడు. తిడితే పదో తరగతి దాకా ఆ తప్పు పోదు. మా అనుభవం ఇది.

నాది అనడంలో కూడా రెండు రకాలు. కొ‘ఉ ఒకటి, క‘ఉ ఇంకొకటి. అమ్మానాన్నలు, తాతలు, పేరు, ఇల్లు, నేల, వీటికి కొ‘ఉ. మొగుడు, పెళ్ళాం, పిల్లలు, పుస్తకం, తినే తిండి, పనిముట్లు, వీటికి క‘ఉ. నేను పుట్టకముందే నాకోసం ఉన్నవీ, నన్ను మోసేవీ ఒక వైపు, నేను తెచ్చుకున్నవీ నా చేతి మీదుగా వచ్చినవీ ఇంకో వైపు అని స్థూలంగా అనుకోవచ్చు. గుర్రం మనిషిని మోస్తుంది కనుక అది ఇల్లున్న వైపు వెళ్ళింది, కుక్క పుస్తకం ఉన్న వైపు వెళ్ళింది. మాలో ఒకరు కుక్క ప్రేమికులు, ఈ పంపకం మీద ఇప్పటికీ అలిగే ఉన్నారు. పిల్లలు కొన్నవాటి వైపు, తల్లిదండ్రులు నేల వైపు ఉండటం మొదట వింతగా తోచింది. తర్వాత తర్వాత అదే సబబనిపించింది. నేల మనం పుట్టించింది కాదు కదా.

వాక్యంలో క్రియ ముందు వస్తుంది. "వెళ్ళాడు పిల్లాడు బడికి" అన్న వరస. వింటే మా అవ్వ సంబరంగా చెప్పే కబురులా ఉంటుంది. మై అంటే ఇటు, నా వైపు. అకు అంటే అటు, నా నుంచి దూరంగా. హెలె అంటే నడక. హెలె మై అంటే రా, హెలె అకు అంటే పో. దిక్కు చెప్పాలంటే తూర్పు పడమరల కంటే మౌక, మకై ఎక్కువ వాడతారు, కొండ వైపు, సముద్రం వైపు అని. మనకు సముద్రం దూరం, కాని పైకి, దిగువకి అంటూ దారి చెప్పే కొండవాళ్ళకు ఇది కొత్తేం కాదు. మాలో ఒకరికి టౌన్లో ఎవరో "ఈస్ట్ ఫేసింగ్ ఇల్లు" అని అడ్రసు చెప్పారు. గంటసేపు తిరిగారు పాపం.

కుము అంటే టీచరు. కుము అంటే చెట్టు మొదలు కూడా. హె కుము అఉ, నేను టీచర్ని. తెలుగులోలాగే అందులో "ఉన్నాను" అనే క్రియ అక్కర్లేదు.

ఆ భాష మళ్ళీ ఎలా లేచిందో చెప్పకపోతే పిల్లలు నిరాశపడతారు. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దాన్ని అధికార భాషగా గుర్తించింది. అంతమాత్రాన పిల్లల నోట్లోకి రాలేదు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో చంటిపిల్లల కోసం భాషా గూళ్ళు మొదలుపెట్టారు. అది చూసి హవాయివాళ్ళు 1984లో కౌఅ‘ఇ దీవిలోని కెకహ ఊళ్ళో మొదటి పూనన లెఒ తెరిచారు. గొంతుల గూడు అని దాని అర్థం. ని‘ఇహౌ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు, భాష ఇంకా బతికున్న ఇళ్ళ పక్కనే గూడు కట్టారన్నమాట. అప్పటికి బడిలో హవాయి బోధనకు చట్టం ఒప్పుకోదు. తల్లిదండ్రులు అడిగి అడిగి 1986లో ఆ అడ్డు తీయించారు. 1987లో ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమం వచ్చింది. 1999లో ఆ బడుల నుంచి మొదటి పిల్లలు హైస్కూలు దాటారు. కంప్యూటర్‌కు కూడా మాట కట్టుకున్నారు, లొలొ ఉఇల అని. మెరుపు మెదడు.

మన దగ్గర పరిస్థితి అంత ఘోరంగా లేదు, సవర ఇంకా ఇళ్ళల్లో వినబడుతోంది. ఉమ్మడి రాష్ట్రంలోనే బహుభాషా విద్య కింద సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి బళ్ళో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు ఉంటాయి. ఆయన మా భాష నేర్చుకుని రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయిందని ఆ ఉపన్యాసాల్లో రావడం అరుదు. ఈ ఏడు ఆ పూట మా బడిలో ఆ ముక్క మేమే చెప్పాం, ఒక పిల్లతో సవరలోనే చెప్పించాం.

ఇదంతా రాశాక చెప్పక తప్పని మాట ఒకటి ఉంది. మా ముగ్గురి ఇళ్ళలోనూ పిల్లలతో తెలుగే మాట్లాడాం. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, ఏ చట్టమూ లేదు. హాస్టల్లో వెనకబడతారేమోనని భయపడ్డాం. ఊళ్ళో పిల్లలకు సవర కార్డులు గీసి, ఇంటికెళ్ళి సొంత పిల్లలకు తెలుగులో అన్నం పెట్టాం. మాలో ఒకరి కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వాళ్ళ అవ్వ చెప్పేది అర్థమవుతుంది, జవాబు తెలుగులో ఇస్తుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో కార్డులన్నీ మళ్ళీ రాశాం. గొంతు ఆగే చోటల్లా ఎర్ర సిరాతో ‘ పెట్టాం. పరీక్ష పేపర్ల మీద సున్నాలు చుట్టిన ఎర్ర పెన్నే. బళ్ళో పిల్లలు ఆ గుర్తుకు పేరు కూడా పెట్టేశారు, మింగుడు అని. "ఇక్కడ మింగుడు ఉంది మాష్టారూ, మీరు మర్చిపోయారు" అని రెండు కార్డులు వెనక్కి తెచ్చి ఇచ్చారు. దిద్దుకున్నాం.

ఆ సెలవుల్లోనే ఇంటర్ చదివే అమ్మాయి కార్డుల కట్ట తీసి ఒక్కొక్కటే చదవసాగింది. నీళ్ళ కుండ దగ్గర ఆగింది. డ అంది, ఎర్ర గుర్తు చూసి ఊపిరి బిగపట్టింది, తర్వాత అన్ అంది. ఆ ఆగడం మరీ పొడుగైంది, రెండు వేరే మాటల్లా వినబడింది. చాటలో బియ్యం చెరుగుతున్న అవ్వ చేతులు ఆపి, తల ఎత్తకుండానే మాట సరిచేసింది. డ‘అన్. అమ్మాయి మళ్ళీ అంది. అవ్వ మళ్ళీ అంది. నాలుగోసారికో ఐదోసారికో అవ్వ చాట పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.